నడుమల నోరు పెట్టకు

అక్కా, ఎట్లా ఉన్నావని అడగాలో వద్దో తెలియడం లేదు. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. మేమందరం తింటున్నాం, బడికి పోతున్నాం, వస్తున్నాం. బాపు మోకాళ్ల నొప్పులని తిట్టుకుంటూనే రోజూ మగ్గం గుంటలోకి దిగుతున్నాడు.

నీ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. కొత్తవాళ్లు వచ్చేదాకా నీ ఇంగ్లీషు పీరియడ్లు నన్నే చూసుకోమన్నారు హెడ్మాస్టరు సారు. ఒకే బడిలో పనిచేసిన అక్కచెల్లెళ్లం కదా, నీ చదువంతా నాకూ వచ్చేసి ఉంటుందని ఆయన నమ్మకం. లెక్కల టీచరుకు ఇంగ్లీషు అప్పజెప్పితే ఏమవుతుంది? అదే అయింది.

నీ నోటుబుక్కు ముందేసుకుని అన్నీ నువ్వు రాసినట్టే చేస్తున్నాను. శనివారం అంగడి కూడా. బల్లలు గోడకు జరిపి, చింతాకు, వంకాయలు, చిట్టీల మీద గీసిన మేకలు, గొర్రెలు పరుచుకుని కూర్చుంటారు పిల్లలు. మోత్కూర్ అంగడిలో ఎంత గోలో, మన తొమ్మిదో తరగతిలో అంత గోల. కాకపోతే బేరాలన్నీ ఇంగ్లీషులో.

నువ్వు మాత్రం బాపు దగ్గర తెచ్చిన నూలు దారం పట్టుకుని ఒక మూలన నిలబడేదానివి. ఎవరు తప్పు మాట్లాడినా ఆపేదానివి కాదు. దారానికి ఒక ముడి వేసి ఊరుకునేదానివి. అంగడి అయ్యాక ఒక్కో ముడి విప్పుతూ, ఎవరి పేరూ చెప్పకుండా, ఆ తప్పుల్ని బోర్డు మీద సరిచేసేదానివి.

నేను వెక్కిరించాను, గుర్తుందా? లెక్కలో రెండో మెట్టు తప్పితే అక్కడే పట్టుకోవాలి, లేకపోతే కిందంతా తప్పే అన్నాను. దానికి నువ్వేమన్నావు... "పోగు తెగితే మెల్లగ అతుక్కుంటం గని, మగ్గం మీద మొత్తుకుంటమా చెల్లె? పిల్ల మాట్లాడుతాంటె నడుమల నోరు పెట్టకు. గా గొంతు ఒక్కపారి మూసుకున్నదంటె మళ్ల తెరిపియ్యలేవు."

ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.

ఇక అసలు సంగతి. ఇన్నాళ్లూ దీని కోసమే ఉత్తరం రాయలేకపోయాను... శ్రావణి.

గొర్లు కాసేవాళ్ల బిడ్డ. ఆరో తరగతి నుంచి క్లాసులో పెదవి విప్పని పిల్ల. పేరు పిలిస్తే లేచి బొటనవేలితో నేల గీకుతూ నిలబడేది. రెండేళ్లు దాని వెంట పడ్డావు. ముందు గొర్రెలా అరవమన్నావు. తర్వాత గొర్రె రంగు చెప్పమన్నావు. అది మొదటిసారి నిండుగా ఒక వాక్యం చెప్పిన రోజు ఇంటికొచ్చి ఆ వాక్యాన్ని మాకు మూడుసార్లు వినిపించావు. ఇంగ్లీషు ముక్క రాని బాపు కూడా తలూపాడు.

నువ్వు దవాఖానలో ఉన్న నెలలోనే జరిగింది. నేను పెట్టించిన రెండో అంగడి అది. శ్రావణి తన గొర్రెను అమ్మనంటోంది. ఎందుకో చెబుతోంది... మందను తోలుకుని మేళ్లచెరువు దిక్కు పోయినప్పుడు, జోరువానలో, ఆ గొర్రె దారి మీదే ఈనిందట. వాళ్ల నాయిన తన అంగీ విప్పి పిల్లను చుట్టాడట. ఇదంతా ఇంగ్లీషులో అక్కా! చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేసి... క్లాసంతా బేరాలు మానేసి వింటోంది.

నేను ఆపాను.

ఏదో చిన్న తప్పు. అదేమిటో ఎంత గుంజుకున్నా ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. సరిచేసి, మళ్లీ చెప్పమన్నాను. వెనక బల్లల వాళ్లు కిసుక్కున నవ్వారు. అది నా వైపు ఒకసారి చూసి కూర్చుంది. ఆ గొర్రెపిల్ల బతికిందో లేదో కూడా చెప్పలేదు.

మరునాడు నీ దగ్గరికి వచ్చాను. ముక్కులో పైపు పెట్టుకుని కూడా నువ్వు అడిగింది అదే. "శ్రావణి మాట్లాడుతాందా?"

ఆపినా ఆగడం లేదని చెప్పాను.

నవ్వావు. "ఇగ నాకు ఫికర్ లేదు" అని కళ్లు మూసుకున్నావు. నాలుగో రోజు నువ్వు లేవు. నీతో నేను చివరగా చెప్పిన మాట అబద్ధం అక్కా. ఎవరితో చెప్పుకోను?

అప్పటినుంచి అది క్లాసులో మళ్లీ నోరు విప్పలేదు, నేను చేయని పని లేదు. అందరి ముందూ దాన్ని క్షమించమని అడిగాను, భయపడి బిక్కచచ్చిపోయింది. వాళ్లింటికి పోయాను. ఇంట్లో దీని నోటికి తట్టుకోలేకపోతున్నామని వాళ్లమ్మ నవ్వుతూ చల్ల గ్లాసు చేతికిచ్చింది. నన్ను చూసి అది గొర్రెల దొడ్డిలోకి వెళ్లిపోయింది. పరీక్షల్లో బాగానే రాస్తోంది కాబట్టి హెడ్మాస్టరు సారుకు ఏ లోటూ కనబడదు. నాకు కనబడుతుంది. తెరవడం నీకు తెలుసు, నాకు మూయడమే వచ్చు... నేనేం చేసేది?

మొన్న శనివారం అంగడి పెట్టలేదు. నీ దారం శ్రావణి చేతిలో పెట్టి, ఈ రోజు నేను మాట్లాడతాను, తప్పులకు నువ్వు ముడులు వెయ్యి అన్నాను. నీ గురించి చెప్పాను. మగ్గం గురించి, దవాఖాన గురించి, నీతో ఆడిన అబద్ధం గురించి, ఆ తర్వాత నీ శనివారం అంగడి గురించి. నా ఇంగ్లీషు నీకు తెలిసిందే. పిల్లలు నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. ఏడుస్తూనే చెప్పాను. శ్రావణి తల దించుకుని ముడులు వేస్తూనే ఉంది.

బెల్లుకు ముందు తప్పులు చెప్పడానికి లేచింది. పెదవులు కదిలాయి. చెప్పు చెప్పు అని నా నాలుక చివరిదాకా వచ్చింది, పళ్లతో కరిచి పట్టుకున్నాను... మాట రాలేదు. దారం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి చూశాను. ఈ చివర అన్నీ ముడులే, ఆ చివర అన్నీ ముడులే. నడుమ జానెడు దారం మాత్రం సాపుగా ఉంది. నీతో అబద్ధం చెప్పానని ఏడ్చుకుంటూ చెప్పిన చోటు అది. అక్కడ ఒక్క వాక్యమూ సరిగ్గా చెప్పి ఉండను. అయినా శ్రావణి నన్ను ఆపలేదు అక్కా. దారం మీద కూడా ఆపలేదు.

నీ దగ్గర ఆ పిల్ల నేర్చుకుంది. నేను నేర్చుకోలేదు.

ముడులు విప్పలేదు, అట్లాగే దాచాను. వచ్చే శనివారం మళ్లీ అంగడి పెడతాను. శ్రావణి మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడించడం నా వల్ల కాదు, అది ఒప్పుకుంటున్నాను. కానీ ఒకవేళ నోరు విప్పితే, ఆ వానలో పుట్టిన గొర్రెపిల్ల సంగతి మొత్తం చెప్పి అది కూర్చునేదాకా, నడుమల నోరు పెట్టను.

నీ చెల్లె