ఉయ్యాల కింద ఇసుక

ఖరగ్‌పూర్,
మంగళవారం, మధ్యాహ్నం.

అప్పకి, నీ చెల్లెలు వరాలు చేతులు జోడించి రాస్తున్నది.

నువ్వూ, బావా, మీ అత్తగారూ, కవలలిద్దరూ ఒంట్లో నలతలు లేకుండా ఉన్నారని తలుస్తాను. చిన్నాడి దగ్గు తగ్గిందా? అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడ మేమూ అలాగే ఉన్నామని రాయాలి. కిందటి రెండు ఉత్తరాల్లోనూ అలాగే రాశాను. అది అబద్ధం అప్పా. రెండుసార్లూ అబద్ధమే రాశాను.

నీ పైడి బాగుంది. ముందు ఆ మాట చదువుకుని ఊపిరి పీల్చుకో. అన్నం తింటోంది, మాట్లాడుతోంది, జడ వేయించుకోనని పేచీ పెడుతోంది. కానీ ఎడమ చెయ్యి పిండికట్టులో ఉంది. మోచేతి దగ్గర ఎముక విరిగింది. పద్దెనిమిది రోజులైంది. నా కళ్ళ ముందే, మా పెరట్లోనే పడింది.

బావ కార్డు నిన్న అందింది. రెండే ముక్కలు. ఆదివారం వస్తున్నాను, పిల్ల బట్టలు సర్ది ఉంచండి. నీ పేరు లేదు, పిల్లకెలా ఉందని అడగనూ లేదు. ఇక్కడినుంచి మీ ఊరు పెళ్ళికొచ్చినవాళ్ళు ఎవరో చెప్పి ఉంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. చెప్పాల్సింది నేను. ఈ ఉత్తరం బావ బయలుదేరేలోపు నీ చేతికందాలని మెయిలు బండి వేళకి స్టేషనులోనే వేయిస్తున్నాను.

ఒకటి చదివి ఒకటి వదలకుండా మొత్తం చదువు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

పిల్ల ఇక్కడికొచ్చిన మొదటి నెల సంగతి నీకు పూర్తిగా రాయలేదు. నువ్వు కవలలతో అల్లాడిపోతున్నావని నేనే అడిగి తెచ్చుకున్నాను కదా. తొమ్మిదేళ్ళుగా నా ఇంట్లో పిల్లల అలికిడి లేదు, ఒక్క పిల్ల నడిచినా చాలనుకున్నాను. రైలు దిగాక అది నడిచిందీ లేదు, మాట్లాడిందీ లేదు. గోడకి ఆనుకుని కూర్చునేది. చుట్టూ వినపడేది బెంగాలీ, హిందీ. నాకే పెళ్ళయిన కొత్తలో చెవులు హోరెత్తేవి, ఆరేళ్ళ పిల్లకేం తోస్తుంది! అప్పుడు ఆయన వేపకొమ్మకి ఉయ్యాల కట్టారు. ఎక్కిన రోజే నవ్వింది. ఆ నవ్వు విని నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషంతోనే.

కానీ మా పెరడు ఎలాంటిదో నువ్వు చూడలేదు. ఈ రైల్వే క్వార్టర్లలో వానాకాలం బురదకి అందరూ లోకోషెడ్డు నుంచి ఇంజనులో కాలి మిగిలిన బొగ్గు చిట్టెం తెచ్చి పరుస్తారు. మేమూ పరిచాం. రెండో రోజే పిల్ల జారి మోకాలు కొట్టుకుంది. ఆ నల్లటి ముక్కలు చర్మంలోంచి ఒక్కొక్కటీ తీశాను. నువ్వు నమ్మి పంపిన పిల్ల. పైగా బండెక్కిస్తూ బావ స్టేషనులో అన్న మాట ఒకటి. "దీనికేటైనా అయితే ఆ రోజే వచ్చి తీసుకుపోతాను." ఆ మాట నన్ను ఒక్క రోజూ వదల్లేదు.

అందుకని చిట్టెమంతా ఎత్తిపోయించాను. కిందేముంది? ఇక్కడి ఎర్ర మొరం. గునపం దిగదు. గడ్డి వేద్దామంటే ఈ ఎండకి మొలవదు. సరే, దేని మీద పడితే పిల్లకి దెబ్బ తగలదో తేల్చుకుందామని పాత మట్టికుండలు పోగేశాను. పీట మీద నిలబడి, ఉయ్యాల ఎంత ఎత్తుకి లేస్తుందో అంత ఎత్తునుంచి ఒక్కొక్కటీ వదిలాను. మొరం మీద ఒకటి పగిలింది, ఎత్తిపోసిన చిట్టెం కుప్ప మీద ఒకటి.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూసి హడలిపోయారు. "ఏటే వరాలూ, కుండలు పగలగొడతన్నావు? ఎవుల్ని సాగనంపుతన్నావు?"

"ఎవుల్నీ సాగనంపకుండా ఉండడానికే," అన్నాను.

గోడ అవతలి బెంగాలీ ఆవిడ, బౌదీ అంటాం, నన్ను చూసి, "దీదీ, మాథా ఖరాప్?" అని కణత దగ్గర వేలు తిప్పింది. తిప్పితే తిప్పుకోనీ అనుకున్నాను.

రంపపు పొట్టు పోసి చూశాను, కుండ పగల్లేదు గానీ వారంలో చెదలు పట్టింది. ఊక పోశాను, పిల్లకి ఒళ్ళంతా దురద. చివరికి కాంసై నది ఇసుక ఒక బండి తోలించాం. కుండ వదిలితే దబ్బుమని సగం దిగబడి కూర్చుంది, బీట కూడా లేదు. పైడి చప్పట్లు కొట్టింది. "సిన్నమ్మా, మళ్ళీ ఒగ్గు, మళ్ళీ ఒగ్గు!" అని పదిసార్లు వదిలించింది. ఆ రోజు నేను ఎంత నిశ్చింతగా ఉన్నానో! ఇక నా పిల్లకి భయం లేదనుకున్నాను. నీ పిల్లకి. చూడు, ఎలా రాసేశానో. కొట్టేయను, ఉండనీ. బావకి ఒక్క మాట చెప్పు, దానిచేత నన్ను ఒక్కనాడూ అమ్మా అని పిలిపించుకోలేదు.

తర్వాత నేను చేసిన పని విను.

ఇసుక పోసిన చోటికి వీధి పిల్లులన్నీ చేరాయి. పొద్దున్నే లేచేసరికి కంపు. పక్కనే తులసికోట. నువ్వూ నేనూ ఎలా పెరిగామో నీకు తెలుసు, పేడనీళ్ళు పడని పెరట్లో అమ్మ మనల్ని అడుగు పెట్టనిచ్చేదా? రోజూ కళ్ళాపి చల్లాను. ఈనెల చీపురుతో ఊడ్చి, కాలితో అదిమి చదును చేశాను. శుక్రవారం శుక్రవారం పేడతో అలికి ముగ్గు పెట్టాను. ఇసుక కదలడం మానేసింది, పిల్లులు రావడం మానేశాయి. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. "ఇసకని కూడా గచ్చులాగ సేసేసినావు కదమ్మా!" అంటే నేను మురిసిపోయాను. రెండు నెలలు అలా అలికాను అప్పా. కుండ వదిలి చూసింది మొదటి రోజే. మళ్ళీ చూడాలని నా బుర్రకి తట్టలేదు.

ఆ సాయంత్రం వర్క్‌షాపు హూటరు కూసింది. పైడి ఉయ్యాల మీద నిలబడి ఊగుతోంది. ఆయన సైకిలు బెల్లు వినపడగానే ఒక చెయ్యి వదిలేసి, "సిన్నాన్నోయ్!" అని ఊపింది. కాలు జారింది. నేను గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నాను. లేవలేదు. కింద ఇసుక ఉంది కదా అనుకున్నాను. పిల్ల గాల్లోంచి పడుతుంటే చూస్తూ కూర్చున్నాను అప్పా, చేట కూడా దించలేదు. చప్పుడు విన్నాకే లేచాను.

ఆస్పత్రిలో డాక్టరు కట్టు వేస్తూ, "కహా గిరీ? పథ్థర్ పర్?" అన్నాడు. రాయి మీద పడిందా అని.

"నై సాబ్, బాలూ పర్," అన్నాను. ఇసుక మీదనే.

"బాలూ?" అని నా మొహంలోకి చూశాడు. నన్ను నమ్మలేదని ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చేదాకా ఆ డాక్టర్ని తిడుతూనే ఉన్నాను.

మర్నాడు అలవాటుగా పేడనీళ్ళ బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. చల్లబోయి ఆగిపోయాను. లోపలికి వెళ్ళి పెరుగుకుండ ఖాళీ చేసి తెచ్చి, అదే ఎత్తునుంచి వదిలాను. ముక్కలు గోడదాకా ఎగిరాయి. ఆయన వచ్చి చూసి పెంకులు ఏరారు. "రోజూ సైకిలు ఇక్కడే పెడతన్నాను. స్టాండు దిగబడకుండా నిలబడితే నాకైనా తెలియొద్దా? నానూ సూసుకోనేదు," అన్నారు. ఆయన మంచితనం కొద్దీ అన్నారు. అలికింది నేను.

తిట్టు అప్పా, నీకు ఎంత కోపం వస్తే అంత తిట్టు. పిల్లకి గంజి తాగిస్తూ నేను నన్ను తిట్టుకున్నంత నువ్వు తిట్టలేవు.

గునపంతో తవ్వితే పైన బెత్తెడు మందాన పెచ్చు లేచింది. కింద ఇసుక ఇంకా మెత్తగానే ఉంది. ఆ పెచ్చంతా తీసి పారేశాం. ఇప్పుడు ఆ మేర తడి తగలనివ్వడం లేదు. పొద్దున్నే పారతో తిరగేస్తాను, పిల్లుల మురికి చేత్తో ఎత్తి పారేస్తాను. వీధిలో ఆడవాళ్ళు, "పెరడు అలగొగ్గేసినావేటమ్మా, ఇంట్లో మనుసులున్నారా నేదా?" అంటున్నారు. అననీ.

కానీ పిల్ల గుమ్మం దిగడం లేదు. అది నా ప్రాణం తీస్తోంది. మరమరాలు గిన్నెలో పోసుకుని గుమ్మంలోనే కూర్చుంటుంది. కిందకి రమ్మంటే నా కొంగు పిడికిట బిగించి పట్టుకుంటుంది. ఇంకో పది రోజుల్లో కట్టు విప్పుతారట. ఆ తర్వాత చెయ్యి చాచాలి, ఎత్తాలి, పట్టుకుని వేలాడాలి, ఆడాలి. భయపడి ముడుచుకుంటే మోచెయ్యి వంకరగానే ఉండిపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. చేతికి మర్దన చెయ్యడానికి బావ చేత ఇంటి ఆముదం ఒక సీసా పంపమని రాయబోయి ఆగిపోయాను. పిల్లని తీసుకుపోవడానికి వస్తుంటే ఆముదం ఎవరికి?

చెయ్యి చక్కబడేదాకా ఉంచమని బావని అడుగు. రెండు నెలలు చాలు. నాకోసం కాదు అని రాయాలనుంది గానీ, నాకోసమే కూడా. ఇది వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేను ఎలా ఉండాలి అప్పా?

ఇంతవరకూ రాసి, పిల్లకి అన్నం పెట్టడానికి లేచాను. ముద్దలు కలుపుతూ, దాని మనసు తెలుసుకుందామని, "మీ నాన్నొస్తన్నాడు. ఎల్తావా?" అని అడిగాను. వెళ్ళనంటుందని ఆశపడ్డాను, నీ దగ్గర దాపరికం ఎందుకు? అది ఏమందో తెలుసా?

"అమ్మ దగ్గర కిందేటుంటాది సిన్నమ్మా?"

ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టాను. కిందటేడు బావ ముచ్చటపడి మీ పెరడంతా రాతిపలకలు పరిపించారు కదా.

అప్పా, ఇక పిల్లని ఉంచమని అడగను. పైన అడిగింది మరిచిపో. ఎక్కడుంటే నయమో మీ ఇద్దరూ అనుకుని చెప్పండి. తీసుకెళ్తానంటే బట్టలు నేనే సర్ది ఇస్తాను, స్టేషనుకొచ్చి ఎక్కిస్తాను, దాని ముందు ఏడవను. ఈ ఉత్తరం బావకి మొత్తం చదివి వినిపించు, కళ్ళాపి సంగతి దాచకు.

అత్తగారికి నా నమస్కారాలు చెప్పు. కవలలకి ముద్దులు. ఆయన మీ ఇద్దరికీ దండాలు చెప్పమన్నారు. మా మీద దయ ఉంచి మంచి జరగాలని దీవించు.

పిల్ల బండెక్కే లోపల మాత్రం నూతి పక్క పలకలు నాలుగు లేపించి, మోకాలి లోతు తవ్వించి ఇసుక పోయించు. రోజూ నువ్వే తిరగేయి. అత్తగారు ఎంత గోల పెట్టినా అక్కడ నీళ్ళు చల్లనివ్వకు. ముందు నువ్వు పడి చూడు, తర్వాత పిల్లని దింపు.

నీ చెల్లెలు,
వరాలు