సందులో ఆరేసిన బొంత

చిరంజీవి బుజ్జమ్మకు,

మీ అమ్మ దీవించి, పక్కన కూర్చుని చెప్పి రాయిస్తున్న సంగతులు. ఇక్కడ నేను క్షేమం. మీ పిన్ని కూడా క్షేమమే, నా బాధంతా అదే. అక్కడ నువ్వూ అల్లుడూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

చేతిరాత చూసి కంగారుపడకు. ఎప్పుడూ నాకు రాసిపెట్టే దర్జీ కంటి ఆపరేషన్ చేయించుకుని కట్టుతో కూర్చున్నాడు. అందుకని, నా మీద నీకు ఫిర్యాదు రాసిన చేత్తోనే నా జవాబూ రాయిస్తున్నాను. అవును, మీ పిన్నే రాస్తోంది. నా ఇంట్లో ఉంటోంది, నా తిండి తింటోంది, ఈ మాత్రం చాకిరీ చేయవద్దా? బతుకంతా ఆఫీసులో ఎవరెవరి మాటలో టైపు కొట్టి రిటైరైన మనిషి, తోటికోడలి మాట రాస్తే చేయి అరిగిపోదు. ఒక్క ముక్క వదిలినా ఊరుకోనని చెప్పి, రాసిందల్లా చదివించుకుని వింటున్నాను. ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో నీకు తొందర. నేను నోరు తెరిచేలోగా ‘సరేలే అమ్మా’ అంటావు. కాగితాన్నైతే మధ్యలో ఆపలేవు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, నేనూ నడక మానలేదు. కూరగాయలకు బట్ట సంచి పుచ్చుకుని నేనే వెళ్తున్నాను. నువ్వు పంపిన దుప్పటి మెత్తగా ఉంది, పాతది చిరిగాక తీస్తాను. చిరిగాక కూడా కుట్టుకుంటావుగా అని మీ పిన్ని గొణుక్కుంది. ఆ గొణుగుడు కూడా రాయమన్నాను.

ఇక అసలు సంగతి. ‘ఒక్క కిటికీ కోసం ఇంత గొడవ ఎందుకమ్మా, మూసుకుంటే పోయేదానికి’ అని రాశావు. తల్లీ, నా వంటింటికి ఉన్నదే ఒక్క కిటికీ. అది నా ఇంటికీ, పక్కనే ఉన్న మీ పిన్ని ఇంటికీ మధ్య సందులోకి తెరుచుకుంటుంది. మీ పిన్ని ఏసీ కొనుక్కుంది, కొనుక్కోనీ. దాని బయటి పెట్టెను తెచ్చి సరిగ్గా నా కిటికీకి ఎదురుగా బిగించింది. తన గది చల్లబరచుకుని, ఆ వేడినంతా నా పొయ్యి మీదికి తోలింది. కిటికీలో పెంచుకున్న పుదీనా మాడి మసైపోయింది. నేను ఉడకేసిన దుంపలా అయ్యాను. మర్యాదగానే అడిగాను, వీధి వైపు గోడకు మార్చుకోవే అని. వీధి వైపు పెడితే ఇంటి అందం పోతుందట, నన్నే కిటికీ మూసుకోమంది.

అంతటితో ఆగితే నేనూ ఆగేదాన్ని. పాల దుకాణం దగ్గర ఆడవాళ్ళందరి మధ్యా, నా చేతిలో సంచి చూసి, “మా అక్క గాలి కూడా పొదుపుగానే పీలుస్తుంది” అంది. అందరూ పడీపడీ నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని పళ్ళు బిగబట్టుకుని ఇంటికి వచ్చాను.

ఎండలు ముదిరిన వారంలో ఆ మిషను ఆగిపోయింది. ఎలా ఆగిందో తర్వాత చెబుతాను. మీ పిన్ని ఇల్లంతా అద్దాలూ సిమెంటూ కదా, పెనం మీద కూర్చున్నట్టే. నా ఇల్లు అలా కాదు. ఎండాకాలం రాకముందే డాబా మీద సున్నం కొట్టిస్తాను. పడమటి గోడంతా తీగ పాకించాను. పడకగది కిటికీకి తడి గోనె వేలాడదీస్తాను. ఏ మిషనూ లేకుండానే ఆ గదిలో హాయిగా నిద్ర పడుతుంది. మర్నాడు సాయంత్రానికి మీ పిన్ని చంకలో దిండు పెట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. ఈ పూటకి ఇక్కడ పడుకుంటానక్కా అంది. రావే తల్లీ అన్నాను. లోపల మాత్రం, దొరికావే దొరసానీ అనుకున్నాను.

ఇక చూసుకో. స్నానానికి ఒకటే బకెట్టు, ఆ నీళ్ళు కాలువ కట్టి తీగ మొదట్లోకి పోవాలి. గిన్నె మీద మూత లేకుండా పొయ్యి వెలిగించకూడదు. తొక్కలు పెరట్లో గుంటలో వేయాలి. గది దాటితే లైటు ఆర్పాలి. మరిచిపోతే వీధి చివరినుంచైనా వెనక్కి పిలిచి ఆర్పించాను. మిగిలిందే పొద్దుటి తిండి అన్నాను. ఒకనాడు కూరలన్నీ ప్లాస్టిక్ కవర్లలో తెచ్చింది. అవి తిరిగిచ్చి రమ్మని, నా మాసికల సంచి చేతికిచ్చి పంపాను. పాల దుకాణం దగ్గర ఆ ఆడవాళ్ళే చూశారు. నువ్వు కూడా గాలి పొదుపు మొదలుపెట్టావా అని అడిగారట. ఆ రోజు నా కడుపు చల్లబడింది.

కానీ బుజ్జమ్మా, మనిషి కదలడం లేదు. పైగా నా కత్తితో నన్నే పొడుస్తోంది. నేను దీపం వేస్తే వెనకే వచ్చి ఆర్పి, ఇంకా వెలుతురుందిగా అక్కా అంటుంది. కూరలు కడిగిన నీళ్ళు ఒకసారి మరిచి పారబోస్తే, పూటంతా సణిగింది. అయినా రోజూ పొద్దున్నే ఆవిడ లేచేసరికి కాఫీ కలిపి నేనే ఇస్తున్నాను. ఎందుకిస్తున్నావని అడుగుతావు. అదే చెప్పబోతున్నాను.

ఆ మిషను దానంతట అది ఆగలేదు. నేనే ఆపాను. మొదట్లో సందులో దండెం కట్టి, ఆ వేడిగాలికి బట్టలు ఆరేసుకున్నాను. శత్రువు ఊపిరికి నా బట్టలు ఆరుతుంటే సంతోషంగానే ఉండేది. పాల దుకాణం దగ్గర ఆ మాట అన్నాక మాత్రం, నీళ్ళోడుతున్న పాత బొంత తెచ్చి ఆ పెట్టె మూతికి అడ్డంగా బిగించి కట్టాను. అది కాసేపు మూలిగింది, గుర్రుమంది, ఆగింది. ఆగేదాకా అక్కడే నిలబడి విన్నాను.

ఇక్కడ కలం ఆగింది. మీ పిన్ని నా వైపు చూడలేదు. కాగితం వంకే చూస్తూ, “పొరపాటున అని రాయనా అక్కా, కావాలని అని రాయనా?” అని అడిగింది.

“కావాలనే అని రాయి” అన్నాను. రాసింది.

క్షమించమని అడగను. నా కిటికీ ముందు నుంచి ఆ పెట్టె లేచేదాకా నా మాట ఇదే. బాగుచేయించి మళ్ళీ అక్కడే పెడితే, నా దగ్గర ఇంకో బొంత ఉంది.

ఇట్లు,
కలం పట్టకపోయినా మాట తప్పని
మీ అమ్మ (వేలిముద్ర)

బుజ్జమ్మా, ఈ కింది ఖాళీలో నా మాట నాలుగు ముక్కలు. మీ అమ్మ వేలికంటిన సిరా కడుక్కోవడానికి వెళ్ళింది. చెంబెడు నీళ్ళతోనే కడుగుతుంది కాబట్టి తొందరగా వచ్చేస్తుంది.

మిషను చావలేదు. ఆవిడ బొంత కడుతుంటే పైనుంచి చూస్తూనే ఉన్నాను. మర్నాడు ఆవిడ బజారుకు వెళ్ళాక విప్పి స్విచ్ వేస్తే లక్షణంగా తిరిగింది. మిషను ఆపి, బొంత మళ్ళీ అలాగే కట్టేసి, నిలదీద్దామనే వచ్చాను. ఆ దిండు ఎందుకు తెచ్చానని అడగకు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ గది చల్లదనానికి కోపం సగం దిగింది. తెల్లారాక కాఫీ వచ్చింది. ఈ ఇంటి కోడలినయ్యాక ఆవిడ చేతి కాఫీ నాకు దక్కడం అదే మొదలు.

పెట్టెను వీధి గోడకు మార్చమని మెకానిక్‌కు చెప్పేశాను. చచ్చినదాన్ని కళ్ళెదుట నుంచి తీయిస్తున్నానని ఆవిడతో అంటాను. బతికే ఉందని తెలిసిన రోజున కాఫీ ఆగిపోతుంది. నా పుదీనా కాదు మాడింది, నిజమే, కానీ ఆ బొంత కట్టినందుకు నా కక్ష నాకూ ఉంటుంది కదా. నీ జవాబు చదివి వినిపించేది నేనే కాబట్టి ఉత్తరంలో ఏం రాసినా భయం లేదు. ఫోనులో మాత్రం నోరు జారకు.

ఇట్లు,
మీ పిన్ని