నలభై ఏడుకి ఒకటి

పిన్నీ, మా అమ్మ ఆడిన పోటీని నువ్వు లేకుండా చేశావు.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు క్షేమంగానే ఉంటావులే. నీలాంటివాళ్లకి జలుబు కూడా చెయ్యదు.

నువ్వు పంపిన పోస్టరు అందింది. పైన బంగారు రంగు అక్షరాలు: మన మహిళా హ్యాండ్‌బాల్ జట్టు, అంతర్జాతీయ విజయగాథ. కింద వరసగా ఏ ఏడు ఏ పోటీ, ఎన్ని గెలిచాం, ఎన్నో స్థానం. అన్నిటికంటే అడుగున, పర్యవేక్షణ, సంఘం సంయుక్త కార్యదర్శి అని నీ హోదా. మొదటి వరసలో ఉన్నది మనం మొదటిసారి గెలిచిన ఏడాది. అంతకుముందు ఈ దేశానికి ఆడవాళ్ల జట్టే లేదన్నమాట. అమ్మ గోల్‌కీపర్‌గా, నువ్వు ఎడమ పక్కన ఆడుతూ, మొట్టమొదటిసారి దేశం చొక్కా వేసుకుని సరిహద్దు దాటిన ఆ పోటీ ఏ గోతిలోకి పోయింది? ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాను. తెప్పే లేదు, ఈదుకొచ్చాను అనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను.

అచ్చుతప్పేమోనని మీ ఆఫీసుకి ఫోన్ చేశాను, గుర్తుందిగా. అది ఆహ్వానపు పోటీయే తప్ప అధికారికం కాదన్నావు. కప్పు ఇచ్చారా, రెఫరీ ఈల వేశాడా, చొక్కా మీద దేశం పేరు ఉందా అని అడిగితే అన్నిటికీ ఊఁ కొట్టావు. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పావు.

"నలభై ఏడు గోల్స్ తిన్న సంగతి గోడలకి అంటించుకుంటారటే? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది."

పడనీ పిన్నీ. కాళ్ల మీద పడ్డదైనా మనదే.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను, బాకీ ఉండటం నాకిష్టం లేదు. అక్క వేళ్లు ఎలా ఉన్నాయి అన్నావు. ఎప్పట్లాగే ఉన్నాయి. కుడి చేతి చిటికెన వేలు ఆ పోటీలో విరిగి వంకరగా అతుక్కుంది, దుప్పటి అంచు పట్టుకోవడానికి కొక్కెంలా పనికొస్తోంది. నువ్వింకా ఆ లాండ్రీలోనేనా అన్నావు. అవును. ఆసుపత్రి దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే చోటే, అమ్మా నేనూ ఒకే షిఫ్టు. ఆవిరికి ముఖం ఎప్పుడూ ఉడికినట్టుంటుంది. చదువుకోమన్నావు. మరకలు పట్టిన పాత పేపర్లు చదివి నేర్చుకున్నది నాకు చాలు. నీ పోస్టరులో ఏం లేదో కనిపెట్టడానికి సరిపోయింది.

పోస్టరు గోడకి పెట్టారా అని కూడా అడిగావు. అదీ చెప్తాను.

అమ్మ దాన్ని బల్ల మీద పరిచి, వంకర వేలితో పైనుంచి కిందకి వెతికింది. మళ్లీ కిందనుంచి పైకి. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి. ఆ తర్వాత కాగితం చాలా మందంగా ఉందే, మంచి రకం అంది. మేకులు తెమ్మంది. తనే గోడకి కొట్టింది. నేను పీకేయబోతే చెయ్యి పట్టుకుంది, మీ పిన్ని పంపింది కదా అని. నోట్లో నాలుక లేనిదని మీ అక్క గురించి నువ్వే నవ్వేదానివి. నాలుక ఉంది పిన్నీ. నీ కోసం కొరుక్కుంటోంది, అంతే.

మొన్న లాండ్రీలో కొత్తగా చేరిన పిల్ల అడిగింది, మీరు దేశానికి ఆడారట కదా పెద్దమ్మా అని. ఇన్నేళ్లూ అమ్మ ఆ ప్రశ్న వింటే పని ఆపేది. దుప్పటి భుజాన వేసుకుని, కాళ్లు ఎడం చేసి, చేతులు చాచి చూపించేది. మొన్న తలెత్తకుండా, అబ్బే, ఏదో సరదా ఆట, లెక్కలోది కాదు అంది. బతుకులో అబద్ధమాడని మనిషి, నీ అబద్ధాన్ని నీకంటే శుభ్రంగా చెప్పింది. ఆ రోజు నుంచి నిన్ను ఏమని తిట్టాలో వెతుక్కుంటున్నాను. సరిపోయే మాట దొరకలేదు.

ఆ పోటీలో నలభై ఏడు తిన్న ఆట కథ నాకు చెప్పింది నువ్వే కదా. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మన మెట్ల మీద కూర్చుని, అమ్మదీ నీదీ రెండు పాత్రలూ నువ్వే వేసేదానివి. గోలు పడ్డప్పుడల్లా బంతిని వలలోంచి తాపీగా తియ్యి, చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నడు, కాలం గడిచిపోతుంది, ఇరవైతో బయటపడతాం అని మీ కోచ్ అరిచాడట. మిగతా చిన్న జట్లన్నీ అలాగే పరువు కాపాడుకున్నాయట. అమ్మ మాత్రం వినలేదు. గోలు పడటం, బంతి తియ్యడం, మధ్య గీతకి విసరడం, ఆట మళ్లీ మొదలు. త్వరగా విసిరినకొద్దీ త్వరగా తిన్నారు. నిండా మునిగాక చలేంటి అందట విరామంలో. నువ్వు ఏడ్చావట కూడా.

ఆ తర్వాతది నువ్వు ఎప్పుడూ నిలబడే చెప్పేదానివి. అవతలి జట్టువాళ్లు గోలు వేసి అరచేతులు చరుచుకుంటూ వెనక్కి నడుస్తున్నారు. ఈలోగా అమ్మ విసిరిన బంతి మధ్యకి వచ్చింది, అక్కణ్ణించి నీ చేతికి. నీ ముందు వాళ్ల కీపరు తప్ప ఒక్క మనిషి లేదు. నువ్వు కొట్టావు.

ఈ దేశపు ఆడవాళ్లు బయటి గడ్డ మీద వేసిన మొదటి గోలు అది. అది నీది. ఆ నలభై ఏడూ దాచాలని నీ ఒక్కటినీ పాతేశావు. సంఘంలో ఎవరో పక్కకి జరిగి కుర్చీ ఇచ్చారని, తన గోలు తనే చెరుపుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నీ గొప్ప నీకే బరువైతే మేమేం చెయ్యగలం? కానీ అందులో సగం అమ్మ విసురు. దాన్ని పారెయ్యడానికి నీకు హక్కు లేదు.

ఇక మొదట్లోనే చెప్పాల్సింది, ఆపుకుని ఇక్కడిదాకా తెచ్చాను. జట్టు శిబిరానికి నన్ను పిలిచారు. కీపర్‌గా. పిలుపు కాగితం మీద సంతకం నీదే. లోపల ఎవరి పేరుందో చూడకుండానే పెట్టుంటావు, పేర్లు చూడకపోవడం నీకు అలవాటే. అమ్మకి ఇంకా చెప్పలేదు.

ఎంపిక రోజున నేను ఆపినవి గొప్పగా ఏం లేవు, నాకంటే పొడుగు పిల్లలు బాగా ఆపారు. కానీ పడ్డ ప్రతి గోలుకీ వాళ్లు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడితే, నేను బంతి తీసి విసిరేశాను. నాకు వేరే విధంగా రాదు. లాండ్రీలో తడి తువ్వాళ్లు మూటకట్టి గదికి అటు చివర తోపుడు బండిలో పడేలా విసరడం అమ్మ నేర్పింది. బండి తప్పితే తిట్టేది కాదు. "పడ్డది చూడకు. ఇంకోటి తియ్యి, విసురు" అనేది. కొత్త కోచమ్మ ఆట ఆపి దగ్గరికొచ్చింది, ఈ విసురు ఎవరు నేర్పారని. మా అమ్మ అన్నాను. ఆవిడ ఎక్కడ ఆడారని అడిగింది. మీ సంయుక్త కార్యదర్శిని అడగండి అన్నాను.

అడుగుతుంది పిన్నీ. ఊరుకునే మనిషిలా లేదు.

నాకు ఆ చొక్కా కావాలి. ఎంత కావాలో నీకు తెలుసు, నువ్వూ ఒకప్పుడు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నదానివే. అయినా అమ్మ తొడుక్కున్నది ఉత్తుత్తిదని చెప్పేవాళ్ల చేతుల మీదుగా తీసుకోను. అదే ఉత్తుత్తిదైతే నాకిచ్చేదీ ఉత్తుత్తిదే.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. శిబిరం జరిగే మైదానం గోడ మీద ఇదే పోస్టరుని బోర్డుగా రాయిస్తున్నారట. దాని మొదటి వరసలో ఆ పోటీ ఉండాలి. ఆడినవన్నీ ఓడాం అని ఉండాలి. ఆ ఆట నలభై ఏడుకి ఒకటి అని, తగ్గించకుండా ఉండాలి. కీపర్ ఎవరో, ఆ ఒక్కటీ ఎవరు వేశారో పేర్లతో ఉండాలి. రాయించానని నీ చేత్తో అమ్మకి ఉత్తరం రాయి. నాకు కాదు, అమ్మకి. శిబిరం సోమవారం. ఉత్తరం శుక్రవారం పోస్టులో అమ్మ చేతికి అందాలి. అందకపోతే సోమవారం నేను వచ్చేది మైదానంలోకి కాదు, బోర్డు దగ్గరికి. ఎందుకు ఆడనో కోచమ్మకి అక్కడే, మీ అందరి ముందూ చెప్తాను. మెట్ల మీద నువ్వు చెప్పినట్టే, రెండు పాత్రలూ వేసి చెప్తాను.

శుక్రవారం.

ఇట్లు,
నలభై ఏడు తిని, నీ చేత ఒకటి కొట్టించిన
మీ అక్క కూతురు