బేస్ గిటారుకు నున్నటి తీగలు

అమ్మాయ్,

నువ్వూ బుజ్జిదీ ఆదమరిచి నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదు. నేను కుట్టుషాపుకు వెళ్తున్నాను. బల్ల మీద పొట్లంలో నీ బేస్ గిటారుకు కొత్త తీగలున్నాయి. పాతవన్నీ ఒకేసారి ఊడదీయకు. ఒకటి తీసి ఒకటి బిగించాలట, గిటార్ల షాపతను మరీ మరీ చెప్పాడు.

నాకేం తెలుసులే అనుకోకు. తీగ పొడవు నా టేపుతో కొలుచుకునే వెళ్లాను, ముప్పై నాలుగు అంగుళాలు. అతను రెండు రకాలు చూపించాడు. గరుకుగా చుట్టినవి ఖంగున మోగుతాయట, నున్నటివి మెత్తగా పలుకుతాయట.

"ఎవరు వాయిస్తారమ్మా?" అన్నాడు.

"మా కోడలు. పురుడయ్యాక ఏడు నెలలుగా ముట్టుకోలేదు. వేళ్లు మెత్తబడిపోయాయి."

"అయితే నున్నటివే పట్టుకెళ్లండి, అందులోనూ సన్నరకం. వేళ్లు ఒరుసుకోవు."

ముప్పై ఏళ్లుగా దారాలు చూసిన చేతులు కదా, తడిమి చూసి నేనూ సరేనన్నాను.

గిటారు అమ్మేస్తానని నువ్వు ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను. నాతో ఒక్క మాటైనా అనలేదని కోపంగానే ఉంది. అది మోగకపోతే ఈ ఇంట్లో నాకేం తోచడం లేదు.

నాలుగింటికల్లా వచ్చేస్తాను.

అత్తయ్య

అన్నట్టు, మీ బ్యాండులో డ్రమ్స్ వాయించే అమ్మాయి ఫోన్ చేసింది. ఇవాళ ఐదింటికి రిహార్సల్‌కు వస్తావా అని అడిగింది. నిన్నడిగితే బిడ్డను సాకుగా చెబుతావని, వస్తుందని నేనే చెప్పేశాను. బుజ్జిదాన్ని ఎత్తుకుని నేనూ వస్తాను. తలుపు దగ్గర కూర్చుని ఇద్దరం వింటాం.