కాపలా సున్నా

ప్రియమైన అక్కకి,

నీ తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ మరదలూ, నీ మేనకోడలూ క్షేమం. అక్కడ నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా కోర్సు ఈ ఏడాది బ్రహ్మాండంగా సాగింది.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. పని ఒత్తిడి వల్ల ఆలస్యమైందని రాయబోతుంటే నీ మరదలు భుజం మీంచి తొంగిచూసి, "ఒత్తిడా? మూడు వారాలుగా పెన్ను మూత తీయడం, పెట్టడం తప్ప ఏం చేశారు మీరు?" అంది. అందుకని ఆ మాట మానేశాను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. నీ మేనకోడలికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఊడినందుకు ఏడవలేదు కానీ, ఈల వేయడం రావట్లేదని ఒక పూటంతా అలిగింది. పాఠాలు ఎక్కడ రికార్డు చేస్తున్నావని అడిగావు. పడగ్గదిలోనే. మా పైఅంతస్తు ఆయన రోజూ గోడకి చిల్లులు పొడుస్తూనే ఉంటాడు, ఇంకా గోడ ఎలా మిగిలిందో తెలియదు. ఆ చప్పుడు పడకుండా బట్టల బీరువా తలుపులు తెరిచి, దాదాపు దాంట్లో తలదూర్చి మాట్లాడతాను. "మీ పాఠం నర్సింగు పిల్లలకా, నా దుప్పట్లకా?" అంటుంది నీ మరదలు.

ఇక నువ్వు అడిగిన రెండు పెద్ద సంగతులు. కాలేజీవాళ్ళు నాకిచ్చిన ప్రశంసాపత్రం ఫొటో పంపమన్నావు. నీ వార్డులో కొత్తగా చేరే నర్సులందరికీ నా మందుల మోతాదు లెక్కల కోర్సే చూపిస్తానని, లింకు పంపమని రాశావు. ఆ రెండూ పంపడం లేదు. ఎందుకో రాయడానికే ఈ మూడు వారాలూ పట్టింది.

నేను లెక్కల మాస్టర్నే తప్ప వార్డు మొహం ఎరగనివాణ్ణి. మోతాదు లెక్కల్లో నాకు తెలిసిందంతా నువ్వు నేర్పిందే. కోర్సు మొదలుపెట్టే ముందు నాలుగు రోజులు నీ వెనకాలే వార్డులో తిరిగాను. అరని చుక్క ఐదు (.5) అని కాగితం మీద రాస్తే నువ్వు నా చేతిలో పెన్ను లాక్కుని ముందు సున్నా పెట్టావు. "ఆ సున్నాకి విలువ లేదు కదే" అన్నాను. "విలువ లేకపోతే పోయె, అది కాపలా ఉంటుందిరా. అది లేకపోతే చుక్కని ఎవరూ చూడరు, అరకి బదులు ఐదు ఎక్కించేస్తారు" అన్నావు. మొదటి ఏడాది పాఠాల్లో ప్రతి చుక్క ముందూ నీ కాపలా సున్నా ఉంది.

మొదటి ఏడాది అయ్యాక పిల్లల అభిప్రాయాలు వచ్చాయి. 'సార్ పాఠం మంచిదే గానీ నిద్ర మాత్ర అక్కర్లేదు' అని ఒకరు రాశారు. వీడియో ఆరు నిమిషాలు దాటితే సగం మంది వెళ్ళిపోతున్నారని లెక్కలు చూపించాయి. నాకు పౌరుషం వచ్చింది. సెలవులన్నీ కూర్చుని కోర్సు మొత్తం దిద్దాను. తెల్ల స్లైడ్లు తీసేసి, గీతల నోటుపుస్తకంలా కనిపించే రంగుల డిజైను వేశాను. ఆరు నిమిషాలకి కుదించాలని, మామూలు మోతాదుల పట్టికని నేను చదివి వినిపించే చోటు కత్తిరించేసి, 'ఇది మీరే చదువుకోండి' అన్నాను. ఆ పట్టికలో గడులు ఇరుకు. అంకెలు గడి దాటి వికారంగా ఉన్నాయని, అక్కా, ఆ సున్నాలన్నీ నా చేత్తో నేనే తీసేశాను.

పరీక్షలో ఆ పట్టికలోంచి ఒక ప్రశ్న ఇచ్చాను. పదకొండు మంది ఒక మందు మోతాదు ఐదు మిల్లీగ్రాములని రాశారు. సరైనది అర మిల్లీగ్రాము. పదకొండు మందీ ఒకే తప్పు రాస్తే మాస్టరుకి ఏమనిపిస్తుంది? ఒకళ్ళని చూసి ఒకళ్ళు రాశారనిపించింది. అందరికీ ఆ ప్రశ్నకి మార్కులు తీసేసి, కాపీ అని రాసి పెట్టాను.

పదిమంది నోరెత్తలేదు. ఒక్క అమ్మాయి రాసింది. వారానికోసారి పెట్టే ఆన్‌లైన్ క్లాసులో ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటుంది, వెలుతురులో మొహం కనపడదు. మా ఇంట్లో 'కిటికీ అమ్మాయి' అంటాం. 'సార్, నేను కాపీ కొట్టలేదు. మీ పట్టికలో ఐదు అనే ఉంది' అని రాసింది.

వెంటనే పట్టిక తెరిచాను. కంప్యూటర్లో చుక్క ఉంది. ఫోనులో చూస్తే లేదు. చుక్క సరిగ్గా నోటుపుస్తకం గీత మీద పడి దాంట్లో కలిసిపోయింది. ఆ పిల్లలందరూ ఫోన్లలోనే చదువుతారని నాకు తెలుసు.

ఇంతవరకూ రాసింది పొరపాటు. పొరపాటుకైతే మూడు వారాలు దాక్కోను. ఆ గురువారమే కాలేజీ కమిటీవాళ్ళు కోర్సు చూడటానికి వస్తున్నారు. నేను పట్టిక సరిచేసి, సున్నాలు పెట్టి, పాతది తీసేసి కొత్తది ఎక్కించాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నల్లబల్ల మీద తుడిస్తే సుద్ద మరకైనా మిగులుతుంది, ఇక్కడ అదీ లేదు. ఆ తర్వాత ఆ అమ్మాయికి జవాబు రాశాను. 'పట్టికలో సున్నా పాయింట్ ఐదు అని స్పష్టంగా ఉంది. మళ్ళీ చూసుకో.'

చూసుకుంది. 'క్షమించండి సార్, నాదే తప్పు' అని రాసింది. కమిటీవాళ్ళు వచ్చి, రంగులు చూసి మురిసిపోయి, 'చక్కగా తీర్చిదిద్దిన కోర్సు' అని పత్రం ఇచ్చారు. నేను తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ అందుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఇంకొక సందేశం వచ్చింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. చూపులో లోపమేమీ లేదన్నారట. 'కళ్ళు బాగుండి కూడా చుక్క చూడలేకపోయానంటే నా బుద్ధిలోనే లోపం సార్. రేపు ఎవరికైనా సూది వేయాలంటే భయంగా ఉంది. నర్సింగు కోర్సే మానేస్తున్నాను' అని రాసింది. అక్కా, ఆ సందేశం చదివాక నా మొహం అద్దంలో చూసుకోలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అలా చచ్చిపోతూ కూడా ఇన్నాళ్ళూ మామూలుగా బీరువాలో తల పెట్టి పాఠాలు చెప్పాను. ఇంతకంటే దాచాల్సింది నా దగ్గర ఏమీ లేదు.

నిన్న పొద్దున నీ మరదలికి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "మీ అక్కయ్య అయితే ఏం చేస్తుంది?" అని మాత్రం అడిగింది. వార్డులో నువ్వు చూపించిన చార్టు గుర్తొచ్చింది. దాంట్లో నీ తప్పే ఉంది, దాని మీద అడ్డంగా ఒకే ఒక గీత, పక్కన నీ సంతకం, తేదీ. "చెరిపేయక కొట్టేశావేంటి?" అని అడిగితే, "చెరిపేస్తే తప్పు పోదురా, తప్పు జరిగిన సంగతి పోతుంది. కింద ఏం రాశానో కనపడాలి" అన్నావు.

మా హెడ్డుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. "పూడ్చినదాన్ని ఇప్పుడు తవ్వుతావా? ఆ అమ్మాయి ఎలాగూ మానేస్తోందిగా" అన్నారు. "అందుకేనండీ" అన్నాను. ప్రశంసాపత్రం ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. పదకొండు మందికీ మార్కులు తిరిగిచ్చాను. కోర్సు తెరవగానే మొదట కనిపించేచోట, చుక్క మింగిన ఆ పాత పట్టిక పెట్టి, దాని మీద గీత గీసి, కింద సరైనది పెట్టి, నా పేరూ తేదీ రాశాను. ఆ తర్వాత ఆ అమ్మాయికి ఫోను చేశాను.

"ఫారం నింపేశాను సార్. సంతకం ఒక్కటే మిగిలింది" అంది.

"సంతకం పెట్టకమ్మా. ఆ రోజు నువ్వు చూసిందే నిజం. చుక్క కనపడలేదు. తప్పు నాది."

"అయితే నేను సరిగ్గానే చూశానా సార్?"

"సరిగ్గానే చూశావు."

"మరి మళ్ళీ చూసుకోమన్నారు కదా. అప్పటికి మీకు తెలుసా సార్?"

తెలియదని చెప్పడానికి అప్పటికీ వీలుంది, అక్కా. నాలుక దాకా వచ్చింది.

"తెలుసు" అన్నాను.

"సరే సార్" అని పెట్టేసింది. మానేయడానికి గడువు శుక్రవారం. ఫారం ఇస్తుందో ఇవ్వదో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

లింకు కావాలని నువ్వు ఇంకా అనుకుంటే, ముందు ప్రతి పట్టికా నువ్వు ఫోనులో చూసి, తప్పులుంటే చెప్పు. ఆ తర్వాతే నీ వార్డు పిల్లలకి చూపించు. బావగారికి నా నమస్కారాలు. ఈ ఉత్తరం ఆయనకి కూడా చదివి వినిపించు, దాచకు.

మడిచేముందు ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను. మొదటి పేజీలో 'నా కోర్సు ఈ ఏడాది బ్రహ్మాండంగా సాగింది' అని రాశాను. అలవాటుగా వచ్చేసింది. వేరే కాగితం తీసుకుని ఆ పేజీ మళ్ళీ రాద్దామనుకున్నాను, రాయలేదు. దాని మీద ఒకే గీత గీశాను, కింద మాటలు కనపడేలాగే. పక్కన సంతకం ఉంది, తేదీ ఉంది. చూసుకో.

ఇట్లు,
నువ్వు నేర్పింది ఆలస్యంగా నేర్చుకున్న
నీ తమ్ముడు