తారు పూసిన లారీ

22 నవంబరు 1936, ఆదివారం

ఇవాళ నా చేతికర్ర పాపారావు లారీలో దిగబడింది.

పాపారావు నా చెల్లెలు సూరమ్మ మొగుడు. కొల్లేటి చేపలు ఏలూరు స్టేషనుకి తోలుతుంటాడు. తొమ్మిదేళ్లుగా మాకు మాటల్లేవు. నేను రిటైరైన రోజు స్కూలు హాల్లో ఇంగ్లీషులో వీడ్కోలు స్పీచి ఇస్తుంటే గురక పెట్టాడు. మొదటి వరసలో కూర్చుని. అప్పటినుంచి ఒకే అరుగు మీద కూర్చున్నా ఏదైనా సూరమ్మ ద్వారానే. మీ అన్నయ్యగారు కాఫీ తాగుతారేమో అడుగు అంటాడు. అక్కర్లేదని మీ ఆయనకి చెప్పు అంటాను. కాఫీ మాత్రం తాగుతాను.

లారీ మీద నాకు పగ లేదు. మిషను డాక్టరు దొర అమ్మేసి వెళ్లిన పాత బండి. వానలో నడుస్తుంటే పక్కనొచ్చి ఆగుతుంది. నడిపేవాడు ముందుకే చూస్తుంటాడు. నేను వెనక చేపల బుట్టల మధ్య ఎక్కుతాను. మా గుమ్మం ముందు మళ్లీ ఆగుతుంది. థాంక్స్ ఎవరికి చెప్పాలో తెలియక తొట్టి మీద ఓసారి తట్టి దిగుతాను.

ఇవాళ చర్చి బయట ఆగి ఉంటే వంగి చూశాను. తొట్టిని మోసే ఇనప ఫ్రేము నల్లగా నిగనిగలాడుతోంది. పాపారావు పడవలవాళ్ల బిడ్డ. ఏటా వానలకి ముందు పడవకి పూసినట్టే దీనికీ తారు పూస్తాడు. ఊరికే కర్రతో పొడిచాను. నానిన రొట్టెలో దిగినట్టు దిగింది. లోపలంతా తుప్పు. చేపల బుట్టల్లోంచి కారిన నీళ్లు తారు కింద చేరి ఏళ్ల తరబడి తిన్నాయి.

ఒకటో తారీకున మా సంఘం ఆడవాళ్లంతా ఈ లారీలోనే జంగారెడ్డిగూడెం సభలకి వెళ్తున్నారు. సూరమ్మ కూడా.

23 నవంబరు

సూరమ్మకి చెప్పాను. ఆ స్పీచి కక్ష లారీ మీద తీర్చుకుంటున్నావా అన్నయ్యా అంది.

పాస్టరుగారికి చెప్పాను. ఆయన నాకు క్షమాపణ గురించి చెప్పాడు. ఈయన నా దగ్గర ఫోర్తు ఫారం రెండేళ్లు చదివాడు. కాజ్ అండ్ ఎఫెక్ట్ అప్పుడూ బుర్రకెక్కలేదు.

25 నవంబరు

కన్నం కనబడటం లేదు. పాపారావు కొబ్బరి పీచు కూరి పైన తారు పూసేశాడు.

28 నవంబరు

షంషుద్దీన్ దగ్గరికి వెళ్లాను. మోటారు పని తెలిసినవాడు ఏలూరులో తానొక్కడేనని అందరికీ తానే చెబుతుంటాడు. ఓనరు పిలవకుండా బండి కింద దూరితే నన్ను దొంగంటారండి మాస్టారూ అన్నాడు. న్యాయమే. నా కోపం మాత్రం తగ్గలేదు.

1 డిసెంబరు, తెల్లవారుజాము

కుర్చీ, కర్ర, ఒక లావుపాటి పుస్తకం తీసుకుని బయల్దేరుతున్నాను.

1 డిసెంబరు, మధ్యాహ్నం

కుర్చీ లారీకి ఎదురుగా వేసుకుని పుస్తకం తెరిచాను. మూటలతో పిల్లలతో ఆడవాళ్లు అప్పటికే ఎక్కి ఉన్నారు. పాటలు పాడించే ఎలిజబెత్ పైనుంచి తొంగి చూసి, మాస్టారూ, మీరూ కాంగ్రెసులో కలిసిపోయారా ఏంటండీ, పికెటింగు చేస్తున్నారు అంది. అందరూ నవ్వారు. పాపారావు హారన్ కొట్టాడు. నేను పేజీ తిప్పాను.

మీ అన్నయ్యగారిని లెగమని చెప్పు అన్నాడు పాపారావు. ఆయనే వచ్చి చెబితే లేస్తానని చెప్పు అన్నాను. సూరమ్మకి తిక్కరేగింది. మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా టెలిగ్రాఫు స్తంభాన్నా, ఇక నావల్ల కాదు అని లారీ దిగి, రోడ్డు పక్కన మూట మీద కూర్చుంది.

కాసేపటికి పాపారావు దిగి వచ్చాడు. నా కాళ్లవైపు చూస్తూ, బావగారూ, లెగండి అన్నాడు.

లేచాను. మాటంటే మాటే. కర్ర అతని చేతికిచ్చి, నువ్వే పొడువు అన్నాను.

వంగి పొడిచాడు. పీచు, తారు, తుప్పు ముద్దగా ఊడి రోడ్డు మీద పడ్డాయి. ఇంకోచోట పొడిచాడు. అక్కడా దిగింది. తర్వాత పొడవలేదు. చక్రం పక్కనే మట్టిలో కూలబడ్డాడు. మా నాన్న పడవలన్నిటికీ ఇలాగే చేసేవోడండీ, ఒక్కటీ మునగలేదండీ అన్నాడు. పడవ చెక్క, ఇది ఇనుము, తడిని లోపలుంచి తలుపేశావు అన్నాను.

గెలిచిన రోజు అతని మొహాన అనడానికి ఒక ఇంగ్లీషు వాక్యం ఇన్నేళ్లూ దాచుకున్నాను. మంచి వాక్యం. అతను పైకి, తొట్టిలో పిల్లలవైపు చూస్తున్నాడు. వాక్యం నోట్లోనే ఉండిపోయింది.

లేచి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని దింపాడు. వాళ్లు బస్సులో వెళ్లారు. సూరమ్మ ఎక్కుతూ మా ఇద్దరిలో ఎవరివైపూ చూడలేదు.

2 డిసెంబరు

ఓనరే పిలిచాడు కాబట్టి షంషుద్దీన్ వచ్చాడు. రెండు పక్కలా కొత్త ఇనుము కలిపి రివిట్లు కొట్టాలట. ఆ సైజు ఇనుము బెజవాడ నుంచి రావడానికి నెల పడుతుందట. సభలు ఎనిమిదితో అయిపోతాయి. లారీతోనే వచ్చి తీసుకెళ్తానని పాపారావు సూరమ్మకి కబురు పంపేశాడు. మూర్ఖుడు.

ఇంటికొచ్చి పడుకుని పైకి చూశాను. నా పుస్తకాల అటకని రెండు ఇనప దూలాలు మోస్తున్నాయి.

3 డిసెంబరు

పుస్తకాలన్నీ నేల మీద ఉన్నాయి. దించుతూ పాపారావు, ఇవన్నీ చదివేశారాండీ అని అడిగాడు. సగమే అన్నాను. అన్నీ చదివాను.

దూలాలు లారీకి ఇచ్చాను. పాపారావుకి కాదు. ఈ సంగతి ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

6 డిసెంబరు

రివిట్లు అయిపోయాయి. పాత తారంతా గీకి, తుప్పు పట్టకుండా రెడ్ లెడ్ రంగు పూశారు. పాపారావు అలవాటుకొద్దీ తారు డబ్బా తెచ్చాడు. నేను దానిమీద కూర్చున్నాను.

అక్కడే, షంషుద్దీన్ ఎదురుగా, బావగారూ, ఆ స్పీచి మరీ రెండు గంటలండీ అన్నాడు పాపారావు. గంటా నలభై నిమిషాలు అని సరిదిద్దాను. షంషుద్దీన్ సుత్తి పక్కనపెట్టి మరీ నవ్వాడు. అతనికి సుత్తి తప్ప ఇంకేం తెలుసు.

8 డిసెంబరు

జంగారెడ్డిగూడెం నుంచి తిరుగు ప్రయాణం. వెనక నిండా ఆడవాళ్లు. నేను ముందు సీట్లో. ఒక గోతిలో చక్రం దిగినప్పుడు ఫ్రేము గట్టిగా మూలిగింది. వెనక పాట ఆగిపోయింది. పాపారావు గేరు వదిలేసి నా మోకాలు పట్టుకున్నాడు.

లారీ గోతి ఎక్కి నిలబడింది. సూరమ్మ గొంతే ముందు పాట అందుకుంది.

చెయ్యి తియ్యడం మర్చిపోయాడు. నేను గుర్తు చెయ్యలేదు.