సైకిళ్ల కాపలా

తిరుత్తణి,
8-4-1979.

వరదరాజులుకు ఏసు రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. తిరువళ్లూరులో మీరూ బాగుంటారనే అనుకుంటున్నాను. మీ అమ్మ కమలమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో నువ్వు రాయనే లేదు.

నీ జాబు అందింది. ఈ మే నెలలో మళ్లీ హంపికి సైకిళ్ల మీద పోతున్నారనీ, దేవరాజులు, పొన్నుస్వామి సిద్ధమనీ, నన్నూ రమ్మనీ రాశావు. ఏడాదిగా ఎందుకు ముఖం చాటేస్తున్నానో తెలియడం లేదన్నావు. నిజంగానే తెలియదా?

పోయిన వేసవిలో కదిరి దాటిన రోజు గుర్తు తెచ్చుకో. మీ పెద్దలు హంపి విజయనగరం నుంచి దిగివచ్చారని, ఆ ఊరు సైకిల్ తొక్కుకుంటూ పోయి చూడాలని నీ పట్టుదల. నాకు హంపితో ఏం పని? నువ్వు పిలిచావని వచ్చాను. తొక్కేకొద్దీ ఎర్రమట్టి, రాళ్లు, ఒక మిట్ట ఎక్కితే ఇంకో మిట్ట. కనుచూపు మేర పచ్చని ఆకు లేదు. సీసాల్లో నీళ్లు పొద్దున్నే అయిపోయాయి. ఎదురుగాలికి అడ్డంగా ముందు నేను తొక్కుతుంటే మీరు ముగ్గురూ నా వెనక సుఖంగా వచ్చారు. ముందు తొక్కడానికి మాత్రం నా కులం అడ్డం రాలేదు.

మధ్యాహ్నం రోడ్డు పక్కన నాలుగిళ్లు, ఒక బావి కనబడ్డాయి. "ఏసూ, నువ్వు సైకిళ్లకాడ ఉండు, అందరం పోతే ఎవుడన్నా ఎత్తుకుపోతాడు" అన్నావు. ఆ బయల్లో దొంగకు కూడా గతి లేదు. అయినా నమ్మి ఎండలో నిలబడ్డాను. మీరు కడుపునిండా తాగి, నెత్తిన కుమ్మరించుకొని వచ్చారు. కొబ్బరినీళ్ల మాదిరి ఉండాయిరా అంటూ సీసా అడుగున రెండు గుక్కలు నా చేతిలో పెట్టావు. నేనూ పోయి తాగొస్తానంటే చెయ్యి పట్టుకొని ఆపి, "వద్దురా, మనం ఎవురని ఆ ఊరోళ్లు అడిగినారు. నీ సంగతి తెలిస్తే అందరికీ తంటా" అన్నావు. దేవరాజులు తన సైకిల్ చైను చూసుకున్నాడు. పొన్నుస్వామి సైకిలెక్కి కూర్చున్నాడు.

మా అమ్మ వండిన కోడికూర ప్రతి క్రిస్మస్‌కూ వేళ్లు నాకి తిన్నవాడివి కదరా నువ్వు! ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను గానీ, ఏటి మధ్యలోనే తగలేసినవాడివి నువ్వొక్కడివే. పైగా ఈ జాబులోనూ అదే పాట. ఊరోళ్లు అడిగినందుకు భయపడ్డావట, నీ మనసులో ఏమీ లేదట.

నేను రాను. సైకిళ్ల కాపలాకు ఇంకెవరినైనా చూసుకో.

ఇట్లు,
ఒకప్పటి నీ స్నేహితుడు,
ఏసు.

తా.క.: ఆ రోజు పెడలు వదులైంది, బిగించుకొని వస్తానని మిమ్మల్ని ముందు పంపాను కదా. పెడలుకు ఏమీ కాలేదు. దాహానికి ఆగలేక, కొడితే కొట్టనీ అని ఆ బావి దగ్గరికే పోయాను. వజ్రమ్మ అనే ముసలామె నీళ్లు తోడుతోంది. మెడలో నల్లదారానికి సిలువ. నా పేరు చెప్పగానే, "మనోడివేనా నాయనా! రోడ్డు మీద నిలబడిపోతివే" అని చెంబు నిండా పోసింది. ఇందాకటివాళ్లను మీరెవరని అడిగారట కదా అన్నాను. "దప్పికని వచ్చినోళ్లను ఎవురన్నా అడుగుతారా?" అని నన్నే తిట్టింది. ఆ నాలుగిళ్లూ మావాళ్లవే వరదా. కొబ్బరినీళ్ల మాదిరి ఉన్నాయన్నావే, అవి మా బావి నీళ్లు.